పానా వేసే ముందు వేళ్లతో రెండు చుట్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కార్ల పని నేర్చుకుంటున్న పిల్లలవే. అన్నిటికీ జవాబు రాయడానికి చోటు చాలదు కాబట్టి, పదిమందికీ పనికొచ్చే అయిదు తీసుకున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదైంది, తగ్గించబుద్ధి కాలేదు.

ప్రశ్న: సార్, నేను ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీలో కోసి పెట్టిన ఇంజిన్ చూపిస్తారు కానీ విప్పనివ్వరు. అందుకే సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్‌కి వెళ్తున్నాను. రెండు నెలలైంది. మేస్త్రి గారు సామాన్లు కడగమంటారు, పానాలు అందించమంటారు, టీ తెమ్మంటారు. ఇప్పటిదాకా ఒక్క ఇంజిన్ మీద కూడా చెయ్యి వెయ్యలేదు. టైం వేస్ట్ అవుతోందేమోనని టెన్షన్‌గా ఉంది. మానెయ్యమంటారా?
– ఐటీఐ విద్యార్థి, తెనాలి

జవాబు: మానెయ్యొద్దు నాయనా. అలాగని ఇప్పుడున్నట్టే ఉండిపోవద్దు కూడా.

కడగడం అన్నావు కదా, దాని దగ్గరే మొదలుపెడదాం. ఇంజిన్‌లోంచి తీసిన ప్రతి సామానూ లోపల ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం, దాన్ని నువ్వు కిరోసిన్‌లో ముంచగానే ఆ సాక్ష్యం పోతుంది, కాబట్టి ముంచే ముందు ఒక్క నిమిషం వెలుతురులో పెట్టి చూడు. సిలిండర్‌లో పెట్రోలుకి నిప్పు రవ్వ ఇచ్చే పాత ప్లగ్గు చేతికొచ్చిందనుకో, దాని మొన లేత గోధుమ రంగులో ఉంటే ఆ సిలిండర్‌లో పెట్రోలు బాగా కాలుతున్నట్టు. పొడిగా నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోలు మోతాదు మించి పడుతోందనో, గాలి సరిగ్గా అందడం లేదనో అనుకోవాలి. తడిగా, జిడ్డుగా ఉంటే పైకి ఆయిల్ వస్తోంది. తెల్లగా మాడినట్టు ఉంటే వేడి ఎక్కువైంది. ఇంత సంగతి నీ చేతిలోకి ఊరికే వస్తుంటే, బ్రష్ పెట్టి తోమి పక్కన పెట్టేస్తున్నావు.

ఆయిల్ చాంబర్ కూడా అంతే. అడుగున పేరుకున్నదాన్ని వేలితో తీసి చూడు. మెరిసే రజను కనిపిస్తే అయస్కాంతం పెట్టు, అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే బేరింగ్ పొర అరిగిందేమో అని అనుమానించాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే అందులో నీళ్లు కలిశాయన్నమాట, ఇంజిన్ మీద మూతలా ఉండే హెడ్‌కి కింద వేసే పొర, అంటే హెడ్ గాస్కెట్ వైపు చూడాలి. నీకేమనిపించిందో మేస్త్రి గారికి చెప్పు. ఒకసారి తప్పు చెబుతావు, రెండోసారి సగం చెబుతావు, మూడోసారి ఆయనే పిలిచి "ఇది చూడు" అంటారు. కడిగే కుర్రాడిగా కాకుండా పని నేర్చుకునే కుర్రాడిగా ఆయన నిన్ను చూడటం మొదలయ్యేది అక్కడే.

బోల్టులు విప్పినప్పుడు ఒక అట్టముక్క తీసుకుని, ఆ కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఏ రంధ్రంలోంచి వచ్చిందో అట్టలో అక్కడే గుచ్చిపెట్టు. ఒకే కవర్‌కి పొడుగూ పొట్టీ బోల్టులు ఉంటాయి. పొడుగుది పొట్టి చోట వేసి బిగిస్తే అడుగు తగిలి పెంకు పగులుతుంది, పొట్టిది పొడుగు చోట వేస్తే రెండు మరలే పట్టుకుని ఆ తర్వాత జారిపోతుంది. ఈ అట్ట తయారు చేసే పని నువ్వు అడిగి తీసుకో, ఎవరూ కాదనరు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. నాకు పదిహేడేళ్లప్పుడు, నేను పని నేర్చుకున్న షెడ్‌లో మొదటిసారి ఒక మారుతి 800కి ప్లగ్గులు వెయ్యమన్నారు. అంతకుముందు ఆరు నెలలు నీలాగే కడిగాను. ఆ తొందరలో ప్లగ్గుని పానాలో పెట్టి నేరుగా తిప్పేశాను. కొంచెం బిగువుగా వచ్చింది, బలం పెట్టాను. అది మర తప్పి అడ్డంగా వెళ్లింది. ప్లగ్గు ఇనుము, హెడ్ అల్యూమినియం, కాబట్టి ఓడిపోయింది హెడ్డే. హెడ్ దింపి లేత్ షాపుకి మోసుకెళ్లి, కొత్త మర వేయించుకు రావాల్సి వచ్చింది. కారు ఓనరు ఆ రెండు రోజులూ బస్సులో తిరిగాడు. మేస్త్రి నన్ను తిట్టలేదు. మర్నాడు పొద్దున పాత హెడ్ ఒకటి నా ముందు పెట్టి, పెట్రోలు ట్యూబు ముక్క జానెడు కోసి ఇచ్చి, సాయంత్రం దాకా ప్లగ్గు వేస్తూ తీస్తూ ఉండమన్నాడు.

ఆ ట్యూబు విద్య నీకూ చెబుతాను. ట్యూబు ఒక కొస ప్లగ్గు తలకి తొడుగు. ప్లగ్గుని రంధ్రంలోకి దింపి, ముందు ఎడమవైపు, అంటే విప్పే వైపు, మెల్లగా తిప్పు. ఒక చోట మర మీద మర దిగి "టక్"మని చిన్న అదురు వేళ్లకి తెలుస్తుంది. అక్కడ ఆగి, ఇప్పుడు బిగించే వైపు తిప్పు. సరిగ్గా పట్టుకుంటే వెన్నలా నాలుగైదు చుట్లు దిగిపోతుంది. అడ్డం పడితే ట్యూబే ప్లగ్గు మీద జారిపోతుంది తప్ప బలం లోపలికి పోదు, అదే దాని గొప్ప. చివరి బిగువు మాత్రమే పానాతో, అది కూడా ఆ కారు పుస్తకంలో రాసినంతే, ఎంత బిగువు పడుతోందో చూపించే టార్క్ రెంచ్ ఉంటే దానితో. ప్లగ్గే కాదు, ఏ బోల్టుకైనా మొదటి రెండు చుట్లు వేళ్లతోనే పడాలి. పడకపోతే తీసి చూడు, మరలో మట్టి ఉందో, బోల్టే వేరేదో.

ఇంకొక్క మాట. ఒక నోట్‌బుక్ పెట్టు. ఏ కారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఓనరు ఏమని చెప్పాడు, షెడ్‌లో ముందు ఏమనుకున్నారు, చివరికి ఏం తేలింది, ఈ అయిదూ రాయి. రోజుకి ఒక్క ప్రశ్నే అడుగు, అదీ మేస్త్రి గారు బండి కింద ఉన్నప్పుడు కాదు, చెయ్యి కడుక్కుని టీ తాగేటప్పుడు. నెల తర్వాత ఆ పుస్తకం ఆయనకి చూపించి, "ఈసారి ఆయిల్ సర్వీసుకి వచ్చిన బండి నేను చేస్తాను, మీరు పక్కన నిలబడండి" అని అడుగు. అప్పటికీ ఆయన టీ తెమ్మనే అంటే, షెడ్ మారు. ఆటోనగర్‌లో షెడ్లకి కొదవ లేదు, నేర్పే మనసున్న మేస్త్రిని వెతుక్కోవడం కూడా చదువులో భాగమే.

ప్రశ్న: నేను బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. ఇంట్లో నాన్నగారి పాత ఆల్టో ఉంది. సర్వీసు నేనే చెయ్యాలని కోరిక. వీడియోలు చాలా చూశాను, కానీ ఇంతవరకు ఒక్క నట్టు విప్పలేదు. నాన్నగారికి బండి పాడవుతుందేమోనని భయం. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: స్టెప్నీతో మొదలుపెట్టమ్మా. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక టైరు తీసి స్టెప్నీ వెయ్యి, మళ్లీ అదే టైరు తిరిగి వెయ్యి. చదునైన నేల, హ్యాండ్ బ్రేక్, గేరు, ఎదురు చక్రానికి అడ్డు. నట్లు టైరు నేల మీద ఉండగానే కొంచెం వదులు చెయ్యాలి, ఆ తర్వాతే జాకీ. బిగించేటప్పుడు పక్కపక్కవి కాదు, ఎదురెదురువి. ఈ ఒక్క పని శుభ్రంగా చేస్తే ఆయన భయం సగం పోతుంది, నీ భయం కూడా.

తర్వాత ఆయిల్. దీనికి బండి కిందకి వెళ్లాలి కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను, జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద తల పెట్టొద్దు. ఇటుకలు పేర్చి కూడా వద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఇనుప స్టాండ్లు జత కొనుక్కో. మిగతా సామాను ఏది కొనకపోయినా ఫరవాలేదు, ఇవి లేకుండా మాత్రం కిందకి వెళ్లకు.

ఇంజిన్ కాసేపు తిప్పి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పాత ఆయిల్ కిందకి వదిలే డ్రెయిన్ నట్టు విప్పు, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. నట్టు వాషర్ కొత్తది వెయ్యి. పాత ఫిల్టర్ తీశాక దాని రబ్బరు రింగు ఫిల్టర్‌తో పాటే వచ్చిందో లేదో తప్పకుండా చూడు. ఒక్కోసారి అది ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది, చూడకుండా కొత్తది వేస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యగానే ఆయిలంతా నేల పాలవుతుంది. వీడియోల్లో ఇది చాలామంది చెప్పరు. కొత్త ఫిల్టర్ రింగుకి కొత్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించు. ఆయిల్ పుస్తకంలో రాసినదాని కంటే కొంచెం తక్కువ పోసి, ఇంజిన్ ఒక నిమిషం తిప్పి, ఆపి, అయిదు నిమిషాలాగి ఆయిల్ మట్టం చూపించే డిప్ స్టిక్ చూడు. తక్కువుంటే కొంచెం కొంచెంగా పొయ్యి. పాత ఆయిల్ డబ్బాలో పట్టి షెడ్‌లోనో సర్వీస్ సెంటర్‌లోనో ఇవ్వు, కాలవలో పొయ్యొద్దు.

బ్రేకుల జోలికి ఇప్పుడే ఒంటరిగా వెళ్లకు. ప్యాడ్ ఎంత మందం ఉందో చూడటం నేర్చుకో, మార్చడం మాత్రం తెలిసినవాళ్ల పక్కన రెండుమూడు సార్లు చేశాకే.

ప్రశ్న: బ్యాటరీ తీసేటప్పుడు ముందు మైనస్ తియ్యాలంటారు. ఎందుకో ఎవరూ చెప్పరు.
– డిప్లొమా విద్యార్థి, కర్నూలు

జవాబు: కారు బాడీ అంతా మైనస్‌కే కలిపి ఉంటుంది. నువ్వు ముందు ప్లస్ విప్పుతుంటే, ఆ పానా రెండో కొస బాడీకి తగిలిందనుకో, ప్లస్సూ మైనస్సూ నీ చేతిలోనే కలుస్తాయి. రవ్వలు లేస్తాయి, పానా ఎర్రగా కాలిపోతుంది, చేతికి ఉంగరం ఉంటే వేలు కాలుతుంది. ముందు మైనస్ తీసేస్తే ఆ దారి తెగిపోతుంది, తర్వాత పానా బాడీకి ఎక్కడ తగిలినా ఏమీ కాదు. పెట్టేటప్పుడు తిరగేసి, ప్లస్ ముందు, మైనస్ చివర. ఉంగరం, గడియారం తీసి జేబులో పెట్టుకుని మొదలుపెట్టు.

ప్రశ్న: మా అబ్బాయి పది పాసయ్యాడు. కార్ల పని అంటే ప్రాణం. వేసవిలో తెలిసినవాళ్ల షెడ్‌కి పంపమంటున్నాడు. చదువు పాడవుతుందేమోనని మా ఆవిడ ఒప్పుకోవడం లేదు.
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: చూడటానికి, చిన్నచిన్న పనులు నేర్చుకోవడానికి పంపండి, జీతానికి మాత్రం పెట్టొద్దు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలతో ప్రమాదకరమైన పనులు చేయించడాన్ని చట్టం ఒప్పుకోదు, అది మంచి చట్టం. పంపే ముందు మీరే ఒకసారి షెడ్‌కి వెళ్లి చూడండి, వెల్డింగ్ దగ్గర కళ్లద్దాలు పెట్టుకుంటున్నారా, బండి కింద స్టాండ్లు పెడుతున్నారా అని. ఇక చదువు సంగతి మీ ఆవిడ గారికి ఇలా చెప్పండి. పది తర్వాత ఐటీఐలో ఈ ట్రేడ్ రెండేళ్లు. పాలిసెట్ రాస్తే ఆటోమొబైల్ డిప్లొమా మూడేళ్లు, అది అయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. అంటే పానా పట్టుకున్నవాడికి పుస్తకం దారి మూసుకుపోలేదు.

ప్రశ్న: ఇప్పుడన్నీ కంప్యూటర్ బండ్లే కదా సార్, స్కానర్ పెడితే అదే చెబుతుంది. చేతి పని నేర్చుకోవడం ఇంకా అవసరమా?
– ఐటీఐ విద్యార్థి, గాజువాక

జవాబు: స్కానర్ కూడా నేర్చుకో, తప్పదు. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బండ్లన్నీ పొగ తగ్గించే బీఎస్-6 నిబంధనలవే, స్కానర్ లేకుండా వాటి ముందు నిలబడలేం. కానీ అది ఏం చెబుతుందో చూడు. పీ0301 అనే కోడ్ వచ్చిందనుకుందాం, అంటే ఒకటో సిలిండర్‌లో సరిగ్గా మంట పడటం లేదు. అంతే, అక్కడితో దాని మాట అయిపోయింది. ప్లగ్గు పోయిందా, దానికి కరెంటు ఇచ్చే కాయిల్ పోయిందా, పెట్రోలు చల్లే ఇంజెక్టర్ పోయిందా, సిలిండర్‌లో కంప్రెషన్, అంటే లోపలి గాలిని నొక్కే ఒత్తిడి తగ్గిందా, అది చెప్పదు.

ప్లగ్గు మీదే కాయిల్ కూర్చునే బండి అయితే, ఒక్క రూపాయి ఖర్చు లేని పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి, ఒకటో కాయిల్ తీసి రెండోదాని చోట పెట్టు, రెండోది ఒకటోదాని చోట పెట్టు. కోడ్ చెరిపేసి బండి కాసేపు నడుపు. ఈసారి పీ0302 వస్తే జబ్బు కాయిల్‌తో పాటు నడిచింది, కాయిల్ మార్చాలి. మళ్లీ పీ0301 అనే వస్తే కాయిల్ మంచిదే, ఈసారి ప్లగ్గులు అలాగే మార్చి చూడు. అప్పటికీ ఒకటో సిలిండర్ దగ్గరే ఉంటే ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు వెళ్లాలి. ఆ కాయిల్ సాకెట్‌కి ఉండే ప్లాస్టిక్ లాక్ పాత బండ్లలో ఎండిపోయి పుటుక్కున విరుగుతుంది, కాబట్టి స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా బొటనవేలితో నొక్కి, వైరు పట్టుకుని కాకుండా సాకెట్ పట్టుకుని లాగు.