పాత జీపుకి టర్బో పెట్టించవచ్చా?

ప్రశ్న: సార్, మాది పాడేరు దగ్గర ఊరు. మహీంద్రా జీపు, 2523 సీసీ డీఐ ఇంజిన్, టర్బో లేనిది. సంత రోజు లోడు ఎక్కితే ఘాట్‌లో సెకండ్ గేర్‌లో కూడా లాగట్లేదు, వెనకాల నల్లటి పొగ. విశాఖలో ఒక మెకానిక్ సెకండ్ హ్యాండ్ టర్బో బిగిస్తాను, కొత్త బండిలా ఎక్కుతుంది అంటున్నాడు. పెట్టించమంటారా?

జవాబు: టర్బో అంటే పొగ జోరుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే పరికరం. పెట్టించవచ్చు, కానీ ఇప్పుడే వద్దు. ముందు ఆ నల్ల పొగ సంగతి తేల్చుకోండి. నల్ల పొగ వస్తోందంటే లోపలికి వెళ్తున్న డీజిల్‌కి సరిపడా గాలి అందట్లేదని అర్థం. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ సరిగ్గా స్ప్రే చేయక కారుతూ ఉండొచ్చు, లేదంటే ఎప్పుడో ఎవరో పికప్ కోసమని డీజిల్ పంపు మీద, ఎక్కువలో ఎక్కువ ఎంత డీజిల్ పోయాలో నిర్ణయించే ఫుల్ లోడ్ స్క్రూ తిప్పేసి ఉంటారు, ఘాట్‌లో తిరిగే బండ్లకి ఇది మామూలే. దీనికి తోడు పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తులో గాలి 8 శాతం దాకా పలచబడుతుంది, పంపు మాత్రం కింద మైదానంలో పోసినంత డీజిలే పోస్తుంది. ఫిల్టర్ మార్చి, నాజిల్స్ టెస్ట్ చేయించి, పంపు విప్పి డీజిల్ కొలత సరిచేసే క్యాలిబ్రేషన్ బెంచ్ మీద పెట్టించండి. చాలా బండ్లకి ఇంతటితోనే పోయిన లాగుడు తిరిగి వస్తుంది.

అప్పటికీ చాలకపోతే నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ చూపించండి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూస్తే పొగ గుప్పుగుప్పున తన్నుతోందా, సిలిండర్లో గ్యాస్ కిందికి కారకుండా ఆపే పిస్టన్ రింగులు అయిపోయినట్టే. అలాంటి ఇంజిన్‌కి టర్బో పెట్టొద్దని గట్టిగా చెప్తున్నాను. టర్బో నుంచి ఆయిల్ దాని బరువుతో అదే కిందికి జారి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి రావాలి. సంపులో గ్యాస్ ఒత్తిడి ఉంటే ఆ ఆయిల్ దిగదు, సీళ్లు దాటుకుని గాలి దారిలోకి పోతుంది. అది ఎక్కువైతే ఇంజిన్ ఆ ఆయిల్‌నే తాగుతూ తనంతట తాను రేజ్ అయిపోతుంది, డీజిల్ ఆపేసినా ఆగదు. అలాంటప్పుడు గాలి వెళ్లే నోటిని చెక్కతో గానీ రేకుతో గానీ గట్టిగా మూసేయడమే మార్గం, చెయ్యి మాత్రం అస్సలు పెట్టకూడదు.

ఇంజిన్ బాగుందనుకుందాం. టర్బో పెట్టి పంపుని ముట్టుకోకపోతే పొగ తగ్గుతుంది, సైలెన్సర్ వేడి తగ్గుతుంది, లాగుడు మాత్రం కొద్దిగానే పెరుగుతుంది. ఎందుకంటే టర్బో ఇచ్చేది గాలి మాత్రమే, అదనపు బలం కావాలంటే డీజిల్ కూడా పెంచాలి. పిస్టన్లు కరిగేది ఇక్కడే. స్క్రూని చెవితో విని, పొగ చూసి తిప్పేస్తారు, కింద ఊళ్లో టెస్ట్ డ్రైవ్ అదిరిపోతుంది, తర్వాత నిండు లోడుతో ఘాట్‌లో అరగంట ఎక్కేసరికి పని అయిపోతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పిస్టన్‌ని కాపాడేది దాని కింద తగిలే ఆయిలూ చుట్టూ ఉన్న నీళ్లూ. అందుకని పొగ బయటికొచ్చే మానిఫోల్డ్‌లో, టర్బోకి ముందు, పొగ వేడి చూపించే మీటర్ పెట్టించుకోండి. ఎక్కుడులో 650 డిగ్రీలు దాటుతుంటే కాలు తీయాలి, 700 దాకా పోనివ్వొద్దు. బూస్ట్, అంటే టర్బో గాలిని నెట్టే ఒత్తిడి, చూపించే మీటర్ కూడా కావాలి. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేకుండా అర బార్, అంటే 7 పీఎస్ఐ దాటొద్దు. కుదిరితే బూస్ట్ వచ్చినప్పుడే డీజిల్ పెంచే డయాఫ్రమ్ ఉన్న పంపు చూసుకోండి, లేకపోతే టర్బో తిరగని తక్కువ రేజ్‌లో మళ్లీ అదే నల్ల పొగ.

మామూలు గాలి ఒత్తిడి సుమారు ఒక బార్, దాని మీద అర బార్ అంటే గాలి సగం పెరిగినట్టే కదా అనుకుంటారు. కాదు. 40 డిగ్రీల ఎండలో పీల్చిన గాలి టర్బోలో నలిగి బయటికొచ్చేసరికి దాదాపు 100 డిగ్రీలు అవుతుంది, వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి నికరంగా పెరిగేది పాతిక శాతం చిల్లరే. ఇంటర్‌కూలర్‌తో దాన్ని 60కి దించగలిగితే అదే ఒత్తిడికి 40 శాతం దాకా వస్తుంది, ఇంజిన్‌కీ చల్లగా ఉంటుంది. డబ్బు పెట్టేటట్టయితే ఎక్కువ బూస్ట్ మీద కాకుండా దీని మీద పెట్టండి.

టర్బో కూడా రెండున్నర లీటర్ల డీజిల్ బండిదే తీసుకోవాలి. లారీది పెడితే మీ ఇంజిన్ పొగ దాన్ని తిప్పలేదు, బూస్ట్ వచ్చేసరికి మలుపు అయిపోతుంది.

ఇంకో మాట. కంపెనీలు టర్బో ఇంజిన్ చేసేటప్పుడు లోపల చాలా మారుస్తాయి. మెర్సిడెస్ 1978లో 300ఎస్‌డీ కారు కోసం తన మూడు లీటర్ల డీజిల్‌కి టర్బో పెట్టినప్పుడు పిస్టన్ల కింద ఆయిల్ చిమ్మే జెట్లు, పెద్ద ఆయిల్ పంపు, సోడియం నింపిన ఎగ్జాస్ట్ వాల్వులు కూడా ఇచ్చింది. మీ 2523 సీసీ ఇంజిన్ కూడా బొలెరోలో కంపెనీ టర్బోతోనే వచ్చింది. నన్నడిగితే విడి టర్బో కన్నా ఆ ఇంజిన్‌నే పంపుతో సహా పూర్తిగా వెతికి తెచ్చుకోవడం మేలు. అయితే కాగితాల పని ముందు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చే మార్పు చేయకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది, పైగా మీది మనుషుల్ని ఎక్కించుకునే బండి. ముందు ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లి అడగండి, తర్వాతే మెకానిక్ దగ్గరికి.

ప్రశ్న: మా ట్రాక్టర్ 45 హెచ్‌పీ. రోటావేటర్ వేస్తే బురదలో ఆగిపోతోంది. దీనికీ టర్బో పెట్టిస్తే పోదా అండి? (కరీంనగర్ జిల్లా నుంచి)

జవాబు: వద్దండి. జీపుకి ఘాట్ దిగేటప్పుడు విశ్రాంతి దొరుకుతుంది, ట్రాక్టర్ గంటల తరబడి ఫుల్ లోడ్ మీదే ఉంటుంది, వేడి దిగే సందే ఉండదు. రేడియేటర్, క్లచ్, గేర్‌బాక్స్ అన్నీ ఆ 45కి లెక్కేసి చేసినవి. ముందు రేడియేటర్ జాలీలో పేరుకున్న గడ్డీ దుమ్మూ ఊదించండి, ఎయిర్ ఫిల్టర్ చూడండి, రోటావేటర్‌ని తిప్పే పీటీఓ షాఫ్ట్ రేజ్ నిమిషానికి సరిగ్గా 540 చుట్లు వస్తోందో లేదో చూపించండి. అవన్నీ బాగున్నా ఆగిపోతోందంటే రోటావేటరే పెద్దదై ఉంటుంది, ఒక సైజు చిన్నది అద్దెకి తెచ్చి అదే మడిలో వేసి చూడండి.