కాశీ నుంచి బస్సులో ఖాట్మండు: రాత్రి బస్సు మాత్రం ఎక్కకండి

కాశీ దర్శనం అయ్యాక అమ్మానాన్నలను తీసుకుని బస్సులో ఖాట్మండు వెళ్లి రావాలని, చేతిలో నాలుగు రోజులున్నాయని, రూము అద్దె మిగులుతుంది కాబట్టి రెండువైపులా రాత్రి బస్సు అనుకుంటున్నామని రాశారు.

వెళ్లొచ్చండి. విమానం అక్కర్లేదు, మనకు వీసా అక్కర్లేదు, ఖర్చు కూడా అందుబాటులోనే ఉంటుంది. ఆ రాత్రి బస్సు మాత్రం వద్దు. 2023 నవంబరు చివర్లో నేను మా అమ్మను, పిన్నిని తీసుకుని ఇదే దారిలో వెళ్లాను. వెళ్లేటప్పుడు పగలు, వచ్చేటప్పుడు రాత్రి. రెండూ చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు దారి. కాశీ నుంచి రైల్లోనో బస్సులోనో గోరఖ్‌పూర్. అక్కడ రైల్వే స్టేషన్ దగ్గరే సోనౌలీ వెళ్లే రోడ్‌వేస్ బస్సులు ఉంటాయి, మూడు గంటల ప్రయాణం. సోనౌలీలో గేటు కింద నుంచి నడిచి అవతలికి వెళ్తే బెలహియా, అదే నేపాల్. సంచులు చూసి, కార్డు చూసి పంపించేశారు. మన పాస్‌పోర్టు మీద ముద్ర కూడా వేయరు. పాస్‌పోర్టు లేకపోతే ఓటరు కార్డు చాలు. ఆధార్ ఒక్కటే పట్టుకుని మాత్రం బయల్దేరకండి, అది 65 దాటినవాళ్లకు, 15 లోపు పిల్లలకే చెల్లుతుంది. మీ నాన్నగారికి 62 అన్నారు కదా, ఆయన ఓటరు కార్డు ఇంట్లో ఎక్కడుందో ఇప్పుడే వెతికించండి. గేటు దాటాక గడియారం పావుగంట ముందుకు తిప్పుకోవాలి. బస్సు టైము వాళ్లు చెప్పేది ఆ లెక్కలోనే.

డబ్బు విషయంలో ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. సరిహద్దులో ఎవరు ఏ ధర చెప్పినా "ఐసీనా, ఎన్‌సీనా?" అని అడగండి. ఐసీ అంటే మన రూపాయలు, ఎన్‌సీ అంటే నేపాలీ రూపాయలు. మన 100 వాళ్ల 160, ఈ లెక్క రోజూ మారదు. అడగకపోతే 500 ఎన్‌సీ ఇవ్వాల్సిన చోట 500 ఐసీ ఇచ్చేస్తాం. మా పిన్ని రిక్షా అతనికి అలాగే ఇచ్చేసింది. మన వంద నోట్లు కట్టగా పెట్టుకోండి, మేం వెళ్లినప్పుడు పెద్ద నోట్లతో ఇబ్బందిగా ఉండేది. ఫోన్‌తో క్యూఆర్ స్కాన్ చేసి కొన్ని దుకాణాల్లో కట్టొచ్చు కానీ, బస్సులో, దారిలో హోటళ్లలో చేతిలో నోట్లే ఉండాలి.

ఇక అసలు సంగతి, బస్సు. బెలహియా నుంచి ఖాట్మండు 270 కిలోమీటర్లకు అటూ ఇటూ. మన హైవేల లెక్కన ఐదు గంటలు అనుకుంటాం. మాకు పదకొండు గంటలు పట్టింది. బుట్వల్ దాటాక చాలా దూరం రోడ్డు పనులు, దుమ్ము. నారాయణ్‌ఘాట్ నుంచి ముగ్లింగ్ వరకు 36 కిలోమీటర్లు ఒకవైపు కొండ, ఒకవైపు కింద త్రిశూలి నది. పగటి పూట ఆ దారి ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. పచ్చటి నీళ్లు, వేలాడే వంతెనల మీద బడిపిల్లలు, ముగ్లింగ్ దాటాక కురింతార్ దగ్గర మనకామన గుడికి నది మీదుగా వెళ్లే రోప్‌వే. మా అమ్మ కునుకు కూడా తీయలేదు.

అదే దారిలో తిరుగు ప్రయాణం రాత్రి. ముగ్లింగ్ దాటాక ట్రాఫిక్ ఆగిపోయింది, మూడు గంటలు బస్సు కదల్లేదు. పిన్నికి షుగర్. బాత్రూముకి వెళ్లాలంటే ఆ చీకట్లో లారీల మధ్య, రోడ్డు అంచున, నేను ఫోన్ లైటు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆమె నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి బెలహియాలో దింపారు. అన్నీ మూసి ఉన్నాయి, చలి, కూర్చోడానికి ఒక చెక్క బల్ల. రూము అద్దె మిగిలిందని అప్పుడు ఎవరికీ సంతోషం లేదు. ఆ తర్వాత 2024 జూలై 12న తెల్లవారుజామున అదే దారిలో, సిమల్‌తాల్ దగ్గర, కొండచరియలు విరిగిపడి రెండు బస్సులు త్రిశూలిలో కొట్టుకుపోయాయి. అరవై మందికి పైగా ఉన్నారు వాటిలో. వార్త చూసి ఆ రోజు నాకు అన్నం సయించలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ రోడ్డు మీద అసలు పెద్దవాళ్లను తీసుకెళ్లకండి.

కాబట్టి మీ ప్లాన్ ఇలా మార్చుకోండి. మొదటి రోజు కాశీ నుంచి భైరహవా చేరి పడుకోండి, సరిహద్దుకు పక్కనే. మాకు ముగ్గురికి రూము 1,500 ఎన్‌సీకి దొరికింది. రెండో రోజు ఆరు, ఏడు మధ్య బస్సెక్కితే చీకటి పడేసరికి ఖాట్మండు. మూడో రోజు ఊరు. నాలుగో రోజు పొద్దున్నే గోంగబు బస్ పార్కులో వెనక్కి బస్సు, ఐదో రోజు కాశీ. ఐదు రోజులు లేవు, నాలుగే అంటే ఖాట్మండు వదిలేయండి. భైరహవాలో దిగి, బుద్ధుడు పుట్టిన లుంబిని చూడండి, పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. మాయాదేవి గుడి, అశోకుడి స్తంభం, ప్రశాంతంగా ఒక పూట గడుస్తుంది. పరుగులు పెట్టి పశుపతినాథుణ్ణి చూడటం కన్నా అదే మేలు.

టికెట్ దగ్గర జాగ్రత్త. గేటు దాటగానే ఏజెంట్లు చుట్టుముడతారు. "డైరెక్ట్ ఖాట్మండు" అని మా దగ్గర తలకు 1,000 ఎన్‌సీ తీసుకుని, నారాయణ్‌ఘాట్‌లో దింపేసి ఇంకో బండి ఎక్కమన్నారు, ఆ బండివాడు మళ్లీ డబ్బులు అడిగాడు. నేరుగా బస్ పార్కు కౌంటర్‌కు వెళ్లి, బస్సు నంబరు టికెట్ మీద రాయించుకోండి. దసరా సమయంలో వాళ్లకు దశైన్, ఊరంతా ప్రయాణాల్లో ఉంటుంది, సీటు దొరకదు.

ఖాట్మండులో గౌశాల ప్రాంతంలో దిగండి, పశుపతినాథ్ గుడికి నడిచి వెళ్లొచ్చు. తెల్లవారుజామునే వెళ్తే నాలుగు ద్వారాల నుంచి శివలింగం నాలుగు ముఖాలూ నింపాదిగా చూడొచ్చు. అక్కడ పూజ చేసే భట్టులు తరతరాలుగా దక్షిణాది నుంచి వచ్చినవాళ్లే అని తెలిసి మా అమ్మ మురిసిపోయింది. ఇంకో రోజు దొరికితే పక్కనే ఉన్న పాత ఊరు భక్తపూర్. 1702లో కట్టిన ఐదంతస్తుల న్యాతపోల గుడి 2015 భూకంపాన్నీ తట్టుకుని నిలబడింది. దాని ముందు మెట్ల మీద కూర్చుని మట్టి ముంతలో జుజుధౌ తినండి, మీగడ కట్టిన తియ్యటి పెరుగు.

తిండికి టెన్షన్ వద్దు. దారిలో ఎక్కడ ఆపినా దాల్ భాత్ దొరుకుతుంది, అన్నం, పప్పు, కూర అడిగినంత వడ్డిస్తారు. పక్కన వేసే టమాటా నువ్వుల పచ్చడి మా పిన్ని రెండుసార్లు వేయించుకుంది.

సీట్లు తీసుకునేటప్పుడు వెళ్లేదారిలో నది ఎడమవైపు వస్తుంది. మీ నాన్నగారికి కిటికీ ఎడమవైపు అడగండి. అమ్మగారికి లోయ చూస్తే కళ్లు తిరుగుతాయంటే కుడివైపు, ముందు వరుసలో.