చెంపదెబ్బ దగ్గర ఆగిపోయిన కథ

తమ్ముడూ,

నీ కథ చదివినాను. చెంపదెబ్బకు ఎగిరిపడిన సెల్‌ఫోన్ను హోంగార్డు వంగి తీసుకుని, చొక్కాకు తుడిచి, ఎవరూ చూడకుండా పిల్లోడి జేబులో పెట్టినాడే, ఆ రెండు వాక్యాలు బాగున్నాయి. అంతకు ముందు పేజీలో నీ హీరో మహిళా ఎస్సైకి చూపించిన నడివేలు మాత్రం నాకు ఒళ్ళు మండించింది. కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి అని అడిగినావు. అవన్నీ తర్వాత. ముందు ఆ వేలు సంగతి తేల్చుకుందాం.

నీ కథలో తిరుపతి లీలామహల్ సర్కిల్లో రాత్రి పదకొండింటికి వాహనాల తనిఖీ. కుర్రోడి దగ్గర అన్ని కాగితాలూ ఉన్నాయి. "నన్ను నిర్బంధిస్తున్నారా, లేక నేను వెళ్ళవచ్చా?" అంటాడు. ఏ తిరుపతి పిల్లోడు అట్ల మాట్లాడతాడు? అది అమెరికా వీడియోల్లోంచి దించిన మాట. తగిన అనుమానం లేకుండా మనిషిని ఆపి ఉంచే అధికారం అక్కడి పోలీసుకు లేదు కాబట్టి, ఆ ప్రశ్నకు అతను చెప్పే జవాబు రేపు కోర్టులో లెక్కకొస్తుంది. లీలామహల్ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు "బండి పక్కన పెట్టు" అనే వస్తుంది.

పోనీ దించినవాడివి పూర్తిగానైనా దించినావా? మిషిగన్ రాష్ట్రంలో 2017లో వేగంగా పోతున్న కారును ఒక అధికారి ఆపినాడు. పోనీలే అని వేగం కేసు పెట్టకుండా అంతకన్నా చిన్న తప్పు కింద టికెట్టు రాసి పంపినాడు. కారు నడుపుతున్నామె పోతా పోతా వేలు చూపించింది. అతను వెంటపడి మళ్ళీ ఆపి, ఆ టికెట్టును వేగం కేసుగా మార్చినాడు. ఆమె దావా వేసింది. మొరటు సైగ నేరం కాదు, రెండోసారి ఆపడానికి అతనికి కారణం లేదు, దావా నడవనివ్వండి అని 2019లో అక్కడి ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు చెప్పింది. తీర్పు అట్లుంచి ఆ అధికారి చేసిన పని చూడు. కొట్టలేదు, తిట్టలేదు, టికెట్టు తిరగరాసినాడు.

నేను అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది ఇదొక్కటే: పోలీసు కోపం కాగితం మీదికి ఎట్ల దిగుతుందో తెలియకుండా పోలీసు కథ రాయొద్దు. ఆదివారం సంచికల సంపాదకులకు ఇది నచ్చదు. వాళ్ళకు లాఠీ కావాలి, రక్తం కావాలి, చివర్లో అమ్మ కన్నీళ్ళు కావాలి. సెక్షన్లు రాస్తే "పాఠకుడికి భారం" అని కత్తిరిస్తారు. దెబ్బ పక్కన బొమ్మ వేయించుకోవచ్చు గానీ స్టేషన్లో కేసు కాగితాలు రాసే రైటరు పెన్ను పక్కన ఏం బొమ్మ వేయిస్తారు? నీ కథ కూడా వాళ్ళ కోసం రాసినట్టే ఉంది. చెంపదెబ్బ పడింది, ఇంక అక్కడినుంచి అన్యాయం అన్యాయం అని మూడు పేజీలు.

ముందు చట్టం సంగతి. పోలీసును గౌరవించకపోవడం అనే నేరం మన దగ్గర లేదు. న్యాయవిచారణలో కూర్చున్న అధికారిని అవమానిస్తే పాత శిక్షాస్మృతి బదులు వచ్చిన భారతీయ న్యాయసంహితలో 267వ సెక్షను ఉంది, రోడ్డు మీద నిలబడిన కానిస్టేబులుకు అట్లాంటిది లేదు. అవమానానికి 352 ఉంది గానీ, ఎదుటివాడు రెచ్చిపోయి శాంతిభంగానికి దిగాలనో, దిగుతాడని తెలిసో అవమానించి ఉంటేనే అది నిలబడుతుంది. అయితే నీ హీరో వేలు చూపించింది ఆడమనిషికి. స్త్రీ మర్యాదకు భంగం కలిగించే సైగ అని 79 రాయడానికి దారి దొరికింది, మూడేళ్ళ దాకా శిక్ష. "ఏ తప్పూ చేయని యువకుడు" అని ఐదుసార్లు రాసినావు. కేసును మాత్రం నువ్వే చేతికందించినావు.

నీకు కావలసింది చట్టానికి పట్టని, పోలీసుకు మాత్రం పట్టే పొగరు. అది మనూళ్ళో కావలసినంత ఉంది. బండి దిగకుండా ఒక కాలు నేలమీద ఆనించి మాట్లాడటం. చెవిలోంచి ఇయర్‌ఫోను తీయకపోవడం. "సార్" లేకుండా "ఏం కావాలి?" అనడం. టీకొట్టు ముందు కాలు మీద కాలేసుకున్నవాడు జీపు వచ్చి ఆగినా కాలు దించకపోవడం. వీటిలో దేనికీ సెక్షను లేదు, అన్నిటికీ రియాక్షను ఉంది.

ఆ రియాక్షను ఎట్ల మొదలవుతుందో దగ్గరగా చూడు. మొదట చెయ్యి తాళంచెవి మీదికి పోతుంది. తాళంచెవి లాక్కోమని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపాలని 130 చెబుతుంది, డిజీలాకర్లో చూపినా చెల్లుతుంది. నీ హీరో ఫోన్లో చూపిస్తాడు గానీ ఫోను చేతికివ్వడు. మంట అక్కడ అంటుకుంటుంది. తర్వాత ఏకవచనం. ఆ తర్వాతది నువ్వు పూర్తిగా వదిలేసినావు: "ఏ ఊరు మీది? మీ నాయన ఏం చేస్తాడు?" పిల్లోడి వెనక ఎవరున్నారో కొలుస్తాండారు అక్కడ. నాయన ఫలానా నాయకుడి మనిషని తేలితే అదే పొగరు "చదువుకున్నోడు, రూల్సు మాట్లాడతాండాడు" అయిపోతుంది. మార్కెట్లో మూటలు మోస్తాడని తేలితే "నోరు లేస్తాందే" అవుతుంది. ఈ కొలత జరిగేటప్పుడు ఎస్సై చూపు పిల్లోడి మీద ఉండదు, పక్కనున్న కానిస్టేబుళ్ళ మీద, ఆగి తమాషా చూస్తున్న ఆటోవాళ్ళ మీద ఉంటుంది. ఒంటరిగా ఉంటే విననట్టు వదిలేసే మాట నలుగురి ముందు మింగుడు పడదు.

ఇక్కడ పోలీసుకు అందుబాటులో ఉన్న మొదటి కాగితం చలానా. ఆదేశం పాటించలేదు, సమాచారం ఇవ్వలేదు అంటే మోటారు వాహనాల చట్టంలోనే 179, 2019 సవరణ తర్వాత 2,000 రూపాయలు. అది వద్దనుకుంటే బండి చుట్టూ ఒకసారి తిరుగుతారు. అద్దం లేదు, నంబరు ప్లేటు మీద అంకెలు వంకరగా ఉన్నాయి. వెతికితే తప్పు దొరకని బండి తిరుపతిలో లేదు. మిషిగన్లో టికెట్టు మారినట్టే ఇక్కడ చలానా పెరుగుతుంది.

ఇంకో తేడా కూడా తెలుసుకో. అరెస్టు, విచారణ ఎట్ల జరగాలో చెప్పే కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 172 అని ఒకటి వచ్చింది. పోలీసు ఇచ్చిన చట్టబద్ధమైన ఆదేశాన్ని ఎదిరించినా, లెక్కచేయకపోయినా మనిషిని అక్కడినుంచి తీసుకుపోవచ్చు. చిన్న విషయమైతే 24 గంటల లోపల వీలైనంత త్వరగా వదిలేయాలి. "బండి పక్కకు తియ్యి, ట్రాఫిక్ ఆగిపోతాంది" అన్నది అట్లాంటి ఆదేశం అవుతుంది. "కిందికి దిగి సార్ అను" అన్నది కాదు. ఒకదాని తర్వాత ఒకటిగా ఈ రెండూ ఒకే గొంతుతో వస్తాయి. కుర్రోడు రెండోదానికి మొండికేస్తాడు, కాగితం మీద మొదటిదానికి మొండికేసినట్టు పడుతుంది. నీ కథకు మలుపు కావాలంటే ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు స్టేషనుకు పోదాం. నీ ఎస్సై "353 కింద లోపలేస్తా" అంటుంది. కథ 2025లో జరుగుతాంది. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయింది. నోట్లో ఇంకా పాత నంబరు రావచ్చు, అది సహజమే, కాగితం మీద మాత్రం న్యాయసంహిత 132, అంటే డ్యూటీలో ఉన్న అధికారి మీద చెయ్యి చేసుకోవడం. అసలు పని చేసేది ఆ కాగితం రాసే రైటరు. అతను రాసే వాక్యం దాదాపు ఇట్ల ఉంటుంది: "విధి నిర్వహణకు ఆటంకం కలిగించి, చేతితో నెట్టి, నీ అంతు చూస్తానని బెదిరించినాడు." నువ్వు ఈ వాక్యాన్ని చదివి దాటిపోతావు. నిలబడి చూడు. ఆటంకం కలిగించి అన్నది 221: మూడు నెలల దాకా జైలు లేదా 2,500 దాకా జరిమానా, లేదా రెండూ. కానీ సంబంధిత అధికారి రాతపూర్వకంగా నేరుగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు దాన్ని విచారణకు తీసుకోవాలి, సురక్షా సంహిత 215 అడ్డం పడుతుంది. అందుకని "చేతితో నెట్టి". దాంతో అది 132 అవుతుంది, రెండేళ్ళ దాకా శిక్ష, ఆ అడ్డం లేదు. అంతు చూస్తానన్నది 351, బెదిరింపు. కుర్రోడు ఎవరినీ తాకలేదు, కానీ ఆ ఒక్క మాట లేకుండా కేసు నిలవదు. నీ కథలో అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఆ మాటే, అది నీ కథలో లేదు.

ఇది ఊహ అనుకునేవు. బెంగళూరులో ఒక దంపతులు అక్కడి ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలోనే, ఒక ఇన్స్పెక్టరు తమతో కటువుగా ప్రవర్తించినాడని రాసినారు. వాళ్ళ మీద పాత శిక్షాస్మృతి 353, బెదిరింపుకు 506 పెట్టినారు. దాడీ లేదు, బలప్రయోగమూ లేదు, 353 ఎక్కడినుంచి వచ్చిందని 2015లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఫేస్‌బుక్ గోడ మీద రాసిన మాటకు చెయ్యి చేసుకున్న సెక్షను! అదే ఏడు, ఆన్‌లైన్లో అభ్యంతరకరంగా రాస్తే జైలు అనే ఐటీ చట్టం 66ఏను కొట్టేసినారు. కొట్టేసిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి దాని కింద ఎఫ్ఐఆర్‌లు రాస్తానే పోయినారు, ఆపమని సుప్రీంకోర్టు 2022లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

వీడియో తీయడం గురించి కూడా నీ ఎస్సై "అధికార రహస్యాల చట్టం" అని బెదిరిస్తుంది. బెదిరించనీ, బాగుంది. పోలీసు స్టేషను ఆ చట్టం చెప్పే నిషిద్ధ స్థలం కాదని 2022లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పింది. ఆ సంగతి నీ హీరో నోట పెట్టొద్దు. న్యాయశాస్త్రం అప్పజెప్పే హీరోలతో విసిగిపోయినాం.

రెండో దెబ్బ స్టేషను వరండాలో కొట్టించినావు. వరండా, లాకప్పు, ఎస్సై గది, గేటు, అన్నిచోట్లా కెమెరాలుండాలని, రికార్డు 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. టాయిలెట్ల లోపల పెట్టకూడదు, బయట పెట్టాలి. కాబట్టి వరండాలో కొట్టిస్తే "ఆ రోజు కెమెరా పనిచేయలేదు" అనే మాట కూడా రాయాలి. నన్నడిగితే ఆ దెబ్బే వద్దు. చాలాసార్లు జరిగేది వేరే. తెల్లారేదాకా బెంచీ మీద కూర్చోబెడతారు. ఫోను డ్రాయర్లో ఉంటుంది. ఎవరూ తిట్టరు, ఎవరూ పలకరించరు. పొద్దున "పో" అంటారు. స్టేషన్లో రోజూ జరిగింది రాసే జనరల్ డైరీలో పిల్లోడు వచ్చిన టైమూ ఉండదు, పోయిన టైమూ ఉండదు. రాసిన కాగితం ఎంత ముఖ్యమో రాయని కాగితం అంత ముఖ్యం.

కేసు రాసినా సరే, ఏడేళ్ళలోపు శిక్ష పడే వాటికి అరెస్టు తప్పనిసరి కాదు, సురక్షా సంహిత 35(3) కింద నోటీసిచ్చి పంపవచ్చు. అరెస్టు చేస్తే ఎందుకు చేసినారో రాయాలి, ఇంట్లోవాళ్ళకు చెప్పాలి, రూయా ఆసుపత్రికి తీసుకుపోయి డాక్టరుకు చూపించాలి, 24 గంటల లోపల మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. "పోలీసులు కొట్టినారా?" అని అక్కడ అడుగుతారు. వెనక నిలబడి ఉండేది తీసుకొచ్చిన కానిస్టేబులే. ఈ ప్రశ్నకు నీ హీరో ఏం చెబుతాడో రాయకుండా, ఎస్పీని దింపి క్షమాపణ చెప్పించినావు. ఎస్పీ రాడు తమ్ముడూ. సోమవారం అర్జీ పట్టుకుని వీళ్ళే పోవాల, వరసలో నిలబడి రసీదు తీసుకోవాల.

రెండో పేజీలో ఒక చిన్న తప్పు. అలిపిరి తనిఖీ కేంద్రంలో సంచులు చూసేవాళ్ళందరినీ పోలీసులు చేసినావు. అక్కడ టీటీడీ భద్రతా సిబ్బందే ఎక్కువ. కేసైతే అలిపిరి స్టేషనుకు పోతుంది.

కొట్టిన కానిస్టేబులు ఎందుకు కొట్టినాడో నీకే తెలిసినట్టు లేదు. పాపాత్ముడు అని వదిలేసినావు. గరుడసేవ బందోబస్తుకు వేరే జిల్లానుంచి వచ్చి, తెల్లారిందగ్గరనుంచి మాడవీధుల మలుపులో నిలబడి, రాత్రికి "నువ్వెవరు నన్నాపడానికి" అనిపించుకున్నవాడై ఉండొచ్చు. దానికి నా దగ్గర ఇంకా మంచి ఉపాయం ఉంది. తిరుపతి కథకుడు నడివేలు అరువు తెచ్చుకోవడమేందబ్బా! తాతయ్యగుంట గంగజాతరలో బండవేషం కట్టినోడు ఎదురొచ్చినవాళ్ళను పచ్చిబూతులు తిడతా పోతాడు. అది మొక్కు. పాలెగాడి పొగరణచిన గంగమ్మ కథను ఏటా వేషాలు కట్టి ఆడే ఊరు మనది. బందోబస్తు కానిస్టేబులు ఆ బూతులు మొహం మీదే విని, నవ్వాపుకుంటా తాడు పట్టుకుని జనాన్ని నెట్టుకుంటా ఉంటాడు. అతన్నే వారం తర్వాత లీలామహల్ దగ్గర నిలబెట్టు. బూతు కూడా వద్దు, "సెక్షను చెప్పండి" అనే మాట చాలు. ఒకడే మనిషి, రెండు రాత్రులు. మొదటి రాత్రి నవ్వినవాడు రెండో రాత్రి ఎందుకు చెయ్యెత్తినాడో రాయి. కారణం మాత్రం నువ్వు చెప్పొద్దు.

ముగింపు మార్చు. ఇట్లాంటివి చాలావరకు పెటీ కేసుగా తేలిపోతాయి. 1889 నాటి టౌన్ న్యూసెన్స్ చట్టం కింద, రోడ్డు మీద అల్లరి చేసినాడని. ఒప్పుకుంటే జరిమానా కట్టి మధ్యాహ్నానికి బయటపడొచ్చు. ఒప్పుకోకపోతే వాయిదాలు. లాయరు ఒప్పుకోమంటాడు, నాయన ఒప్పుకోమంటాడు, రేపు పాస్‌పోర్టు వెరిఫికేషన్లో ఏమొస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. పిల్లోడు ఒప్పుకుంటాడా లేదా అన్నది నీ ఇష్టం. తిరగరాసి పంపు. పంపేముందు ఇంకోటి చూసుకో: మూడో పేజీలో హెల్మెట్ తలమీద ఉంది, నాలుగో పేజీలో చెంపదెబ్బ పడేటప్పటికి లేదు, ఎవరు తీసినారో రాయలేదు. ఆర్సీ కూడా పిల్లోడి పేరు మీద ఉందా, వాళ్ళ బావ పేరు మీద ఉందా తేల్చు.