డార్విన్‌ని ఒప్పుకున్నారు, మాల్థస్‌ని కాదు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ చదువుతున్నాడు. రష్యావాళ్ళు డార్విన్‌ని ఒప్పుకోలేదనీ, అందుకే అక్కడ స్టాలిన్ కాలంలో లైసెంకో అనే వ్యవసాయ శాస్త్రవేత్త లాంటివాడు వచ్చాడనీ ఎవరో చెప్పారట. నా చిన్నప్పుడు ఇంట్లో ఉన్న సోవియట్ పుస్తకాల్లో మాత్రం డార్విన్‌ని తెగ మెచ్చుకునేవాళ్ళు. ఏది నిజం? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: మీ ఇంట్లో పుస్తకాలదే నిజమండీ. డార్విన్ పుస్తకం 1859లో వస్తే 1864కల్లా రష్యన్‌లో చదువుకునే వీలు కలిగింది. మాస్కో యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పే రచిన్‌స్కీ దాన్ని అనువదించాడు. దాన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్ళూ ఉన్నారు, డానిలెవ్‌స్కీ అనే రచయిత 1885లో ఏకంగా పెద్ద గ్రంథమే రాశాడు, కానీ శాస్త్రవేత్తల్లో చాలామంది పరిణామాన్ని ఇష్టంగానే తీసుకున్నారు.

వాళ్ళకి మింగుడుపడనిది ఇంగ్లండ్ ఆర్థికవేత్త మాల్థస్ మాట. జనం పెరిగినంత వేగంగా తిండి పెరగదు కాబట్టి ఒకే జాతి ప్రాణుల మధ్య పెనుగులాట తప్పదన్న ఆలోచన డార్విన్‌కి అక్కడినుంచే అందింది. కిక్కిరిసిన ఇంగ్లండ్‌లో అది కళ్ళముందు కనిపించే విషయం. రోజుల తరబడి వెళ్ళినా మనిషి కనిపించని సైబీరియాలో?

తర్వాత విప్లవకారుడిగా పేరుపడ్డ క్రొపోత్కిన్ 1862లో, పందొమ్మిదేళ్ళ వయసులో, సైన్యంలో ఆఫీసరుగా అక్కడికే వెళ్ళాడు. పొల్యాకోవ్ అనే జంతుశాస్త్రజ్ఞుడితో కలిసి, డార్విన్ పుస్తకం తాజాగా బుర్రలో ఉండగా, ఆ పోటీ కోసమే వెతికాడు, పెద్దగా దొరకలేదు. దొరికింది మంచు. దట్టంగా మంచు కురవబోతోందని ఎక్కడెక్కడి జింకలో వేల సంఖ్యలో కదిలొచ్చి, ఆమూర్ నది ఎక్కడ సన్నగా ఉంటే అక్కడ దాటడానికి గుమిగూడటం చూశాడు. కరువులోంచి బయటపడ్డ పశువులు బలపడి రావు, బక్కచిక్కి వస్తాయి, అలాంటప్పుడు వాటివల్ల జాతి ఎలా మెరుగుపడుతుంది అని అడిగాడు. నాకు ఇప్పటికీ ఇది చాలా గొప్ప ప్రశ్న అనిపిస్తుంది.

ఇది ఆయన ఒక్కడి ఆలోచన కాదు. చేపల మీద పనిచేసిన కెస్లర్, క్రొపోత్కిన్ దీని గురించి రాయకముందే పీటర్స్‌బర్గ్‌లో 'పరస్పర సహకారం' మీద ప్రసంగించాడు. పోరాటం లేదని ఆయన అనలేదు, సహకారం అంతకన్నా ముఖ్యమన్నాడు. 1888లో డార్విన్‌ని సమర్థించే ఇంగ్లిష్ జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ జంతులోకాన్ని, జనం వినోదం కోసం ప్రాణాలకి తెగించి పోరాడే గ్లాడియేటర్ల ఆటతో పోల్చేసరికి, అప్పటికి ఇంగ్లండ్‌లో తలదాచుకున్న క్రొపోత్కిన్ వరసగా వ్యాసాలు రాసి 1902లో పుస్తకం చేశాడు. అయితే ఎడారి అంచున మొక్క అనావృష్టితో పడే పాట్లు కూడా మనుగడ పోరాటమేనని డార్విన్ ముందే రాశాడు, అంటే వీళ్ళు పోట్లాడింది డార్విన్‌లోని సగంతోనే.

ఇక లైసెంకో. తాను డార్విన్‌వాదినేనని చెప్పుకుంటూనే జన్యువులు లేవన్నాడు. ఒకే జాతి మొక్కల మధ్య పోటీ ఉండదంటూ ఓక్ గింజల్ని గుంపులుగా ఒకేచోట నాటించాడు. నారు ఒత్తుగా పడితే ఏమవుతుందో పొలం చేసిన ఎవరికైనా తెలుసు కదా, ఆ చెట్లూ చాలావరకు చచ్చాయి. పైకి కెస్లర్ మాటలాగే ఉంటుంది కానీ, కెస్లర్, క్రొపోత్కిన్ చూసి చెప్పారు, ఈయన చూడకుండా చెప్పి, కాదన్నవాళ్ళ నోరు నొక్కడానికి స్టాలిన్ అండ తెచ్చుకున్నాడు. 1948 ఆగస్టులో జన్యుశాస్త్రాన్నే వెలివేశారు. అంతకుముందే, ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు పోగుచేసిన వవిలోవ్‌ని 1940లో అరెస్టు చేశారు, 1943 జనవరిలో సరతోవ్ జైల్లో ఆయన తిండిలేక చనిపోయాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మీ అబ్బాయికి ఇంకొక్క మాట చెప్పండి. వంశపారంపర్య సూత్రాలు చెప్పిన మెండెల్‌నీ డార్విన్‌నీ కలుపుతూ చెత్వెరికోవ్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు మాస్కోలో 1926లోనే వ్యాసం రాశాడు, ప్రపంచంలో అలా ఆలోచించిన మొదటివాళ్ళలో ఆయనొకడు. 1929లో ఆయన్నీ అరెస్టు చేసి మాస్కో నుంచి పంపేశారు. డార్విన్ వేళ్ళూనని చోటికి రాలేదండీ లైసెంకో, బాగా వేళ్ళూనినచోట వచ్చి పీకేశాడు.