బండి మీంచి పడ్డారా? లేవడానికి తొందరపడకండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

బెంగళూరులో వానలు పడుతున్నాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే సంగతి: బండి జారింది, పెద్దగా ఏం కాలేదు, ఇప్పుడేం చెయ్యాలి? ఆ "పెద్దగా ఏం కాలేదు" దగ్గరే మాకు భయం. పడ్డ ఐదు నిమిషాలకే ఆ మాట అనేస్తాం. ఒంటికైనా బండికైనా దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

ప్రశ్న: సిల్క్ బోర్డు దగ్గర వానలో స్కూటర్ జారి పడ్డాను. వెనకనుంచి హారన్లు మోగుతుంటే గాభరాపడి వెంటనే లేచి, బండి నేనే లేపి పక్కకి తోసేశాను. అలా చెయ్యడం తప్పా?
– ఒక పాఠకురాలు, బి.టి.ఎం. లేఅవుట్

జవాబు: రోడ్డు మధ్యలోంచి పక్కకి రావడం తప్పు కాదు. లేచే ముందు ఒక్క అర నిమిషం ఆగాలి, అంతే. పడ్డచోటే ఉండి చేతివేళ్లు, కాలివేళ్లు కదిపి చూడండి. మెడ వెనక నడుమనున్న ఎముక మీద నొప్పి ఉందా, చేతుల్లో గానీ కాళ్లలో గానీ తిమ్మిరి ఉందా గమనించండి. ఈ రెంటిలో ఏ ఒక్కటున్నా లేవకండి, ఎవర్నీ లేపనివ్వకండి. చుట్టూ చేరినవాళ్ల చేత ట్రాఫిక్ ఆపించండి. కన్నడం రాకపోయినా ఈ రెండు ముక్కలు చాలు: "గాడి సైడిగె హాకి", "ఆంబులెన్స్‌గె ఫోన్ మాడి".

మన జనానికి మంచి మనసే కానీ చెయ్యకూడని పనులు రెండు చేస్తారు. ఒకటి, హెల్మెట్ పట్టుకుని లాగెయ్యడం. స్పృహలో ఉండి, మెడ నొప్పి లేనివాళ్లు తమంతట తామే నెమ్మదిగా తీసుకోవాలి. ఊపిరాడక, వాంతి అవుతూ తీయక తప్పకపోతే ఒకరు తల, మెడ కింద చేతులు పెట్టి కదలకుండా పట్టుకోవాలి, రెండోవాళ్లు పట్టీ విప్పి, హెల్మెట్ అంచులు వెడల్పుగా లాగి తీయాలి. రెండో పని, మగతగా ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు పొయ్యడం. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

బండిని మీరే లేపడం మాత్రం మాకు నచ్చలేదు. ఆ గాభరాలో నొప్పి తెలియదు, చిట్లిన ఎముక మీదే బరువు వేసేస్తాం. ముందు తాళం తిప్పి ఇంజన్ ఆపండి, పెట్రోలు వాసన ఉందేమో చూడండి. లేపడానికి ఇంకొకరి చెయ్యి అడగండి. బి.ఎస్.6 బండ్లలో చాలావాటికి పడగానే ఇంజన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. లేపాక స్టార్ట్ కాకపోతే కంగారు పడక, తాళం ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు.

112కి గానీ 108కి గానీ ఫోన్ చేసినప్పుడు "సిల్క్ బోర్డు దగ్గర" అంటే ఎటువైపో వాళ్లకి అర్థం కాదు. పక్కన మెట్రో పిల్లర్ ఉంటే దాని మీది నంబరు చెప్పండి. ఫోటోలు నాలుగు తీయించండి: ఇంకో బండి తగిలి ఉంటే బండ్లు రెండూ ఒకే చిత్రంలో, నంబరు ప్లేట్లు, జారిన చోట రోడ్డు (ఇసుక, గుంత, ఆయిల్, తడిసిన మ్యాన్‌హోల్ మూత, ఏదైతే అది), దగ్గర్లోని బోర్డో పిల్లరో. ఎదురు దుకాణానికి కెమెరా ఉంటే దుకాణం పేరు రాసుకుని ఆ రోజే అడగండి. పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోతుంది.

సాయం చేసినవాళ్లు "పోలీసు కేసు మా మీదికి వస్తుందేమో" అని వెనకాడితే, మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను వాళ్లకి రక్షణ ఇస్తుందని చెప్పండి. పేరు చెప్పమని ఎవరూ వాళ్లని బలవంతపెట్టకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి మారతహళ్లిలో పీజీలో ఉంటాడు. నిన్న బండి మీంచి పడి హెల్మెట్‌తో సహా తల డివైడర్‌కి తగిలిందట. కాస్త తలనొప్పి, అంతే అంటున్నాడు. తలకి దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదంటారు, నిజమేనా? నొప్పికి ఏ మాత్ర వేసుకోవాలి?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: రాత్రంతా మేలుకోబెట్టక్కర్లేదండీ. ఒంటరిగా మాత్రం పడుకోనివ్వకండి. రూమ్మేటు ఎవరైనా మొదటి రాత్రి రెండు మూడు గంటలకోసారి లేపి, పేరు, ఈరోజు ఏ వారం అని అడిగితే చాలు. తిన్నగా చెప్పి మళ్లీ పడుకుంటే ఇబ్బంది లేదు.

చూడాల్సినవి ఇవి: ఒకటికి రెండుసార్లు వాంతి, గంటగంటకీ పెరిగే తలనొప్పి, లేపినా లేవని మగత, చెప్పిందే చెప్పడం, మాట ముద్దగా రావడం, ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దదవడం, చెవిలోంచో ముక్కులోంచో నీరులాంటిది కారడం, ఫిట్స్, ఒక చెయ్యి పట్టు తప్పడం. ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. పుర్రెకీ మెదడు పొరకీ మధ్య రక్తం నెమ్మదిగా చేరుతున్నప్పుడు మనిషి కొన్ని గంటలపాటు మామూలుగానే తిరుగుతాడు, నవ్వుతాడు, భోంచేస్తాడు. ఆ తర్వాతే పడిపోతాడు. తలదెబ్బలకి హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్, ఎముకలకి జయనగర్ వైపున్న సంజయ్ గాంధీ ట్రామా ఆసుపత్రి, రెండూ ప్రభుత్వానివే. మీ అబ్బాయి రక్తం పలచబడే మందులు వాడుతుంటే, లేదా పడ్డ క్షణాలు గుర్తు లేవంటే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఈరోజే చూపించండి.

నొప్పికి పారాసెటమాల్ 650 ఒక్కటి, ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగు దాటకుండా. డైక్లోఫినాక్, ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ మొదటి రెండు రోజులూ వద్దు, అవి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి. మందు పార్టీలు కూడా వద్దని గట్టిగా చెప్పండి, మత్తుకీ మగతకీ తేడా పోల్చుకోలేం.

హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకుందా అని కూడా ఒకసారి అడగండి. పైకి రూపాయి బిళ్లంత కమిలిన మచ్చే ఉంటుంది, లోపల ప్లీహమో కాలేయమో చిట్లవచ్చు. పొట్ట గట్టిపడినా, ఎడమ భుజం ఊరికే నొప్పి పెట్టినా, మూత్రం ఎర్రగా వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఆసుపత్రిలో "బాత్రూంలో జారాను" అని చెప్పొద్దు. పోలీసుల గొడవ ఎందుకని చాలామంది అలాగే చెబుతారు. రోడ్డు ప్రమాదమని చెబితే ఎం.ఎల్.సి., అంటే పోలీసులకి తెలిపే మెడికో లీగల్ కేసు, నమోదవుతుంది. రేపు ఇన్సూరెన్సుకైనా నష్టపరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌కైనా ఆ కాగితమే ఆధారం. 2025లో కేంద్రం తెచ్చిన నగదు రహిత వైద్య పథకంలో, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ప్రమాదం నాటి నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా చికిత్స ఉంది. అబద్ధం చెబితే అదీ పోతుంది.

ప్రశ్న: అరచెయ్యి నేలకి ఆనించి పడ్డాను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. వారమైనా మణికట్టు నొప్పి తగ్గలేదు, బండి క్లచ్ నొక్కలేకపోతున్నాను.
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: బొటనవేలు పైకెత్తి చాచండి. వేలి మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో రెండో చేతి వేలితో నొక్కితే ప్రాణం లాగేసినట్టుంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లిందేమో అని అనుమానించాలి. దీని చీలిక మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవడం మామూలే. 10 నుంచి 14 రోజుల మధ్య మళ్లీ తీయిస్తే బయటపడుతుంది. ఈ ఎముకకి రక్తం ఒక కొసనుంచే అందుతుంది, అందుకే పట్టించుకోకపోతే అతుక్కోకుండా ఉండిపోతుంది. "బెణికిందిలే" అని నూనె రాసి తోమించుకోవద్దు. ఎముకల డాక్టరుకి చూపించి, అంతవరకు బొటనవేలు కదలకుండా పట్టీ వేయించుకోండి.

ప్రశ్న: దోక్కుపోయిన చోట పసుపు పెట్టవచ్చా? టీటీ ఇంజెక్షను తప్పనిసరా?
– ఒక గృహిణి, కె.ఆర్. పురం

జవాబు: పసుపు, కాఫీ పొడి, టూత్‌పేస్టు ఏవీ వద్దు. కొళాయి కింద పది నిమిషాలు నీళ్లు ధారగా పోసి కడగండి. ఇసుక రేణువులు మిగిలితే తడి గాజుగుడ్డతో తుడవండి, అయినా రాకపోతే ఆ రోజే క్లినిక్‌లో తీయించండి. చర్మం కింద ఉండిపోతే నల్లటి మచ్చలై మిగిలిపోతాయి. పైన ఆయింట్‌మెంటు, అంటుకోని డ్రెస్సింగు వేసి రోజూ మార్చండి. రోడ్డు గాయం మురికి గాయం కిందే లెక్క, ఆఖరి టీటీ వేసి 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి.

ప్రశ్న: 150 సీసీ బండి కుడివైపు పడింది. హ్యాండిల్ వంకరపోతే రోడ్డు పక్క మెకానిక్ చక్రం కాళ్ల మధ్య పెట్టి ఒక్క గుంజు గుంజి సరిచేశాడు. ఇంకేమైనా చూపించాలా?
– ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: తప్పకుండా. బోల్టులు వదులు చెయ్యకుండా గుంజితే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలు, వాటిని బిగించి ఉంచే టీ అనే భాగంలో మెలిపడే ఉంటాయి, పెద్ద గుంతలో పడగానే వంకర తిరిగి వస్తుంది. పద్ధతి ఇది: టీ కింది బోల్టులు, ముందు యాక్సిల్ వదులు చెయ్యాలి. చక్రం, హ్యాండిల్ తిన్నగా తేవాలి. ముందు భాగాన్ని నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదలాలి, అప్పుడు గొట్టాలు వాటి చోట సర్దుకుంటాయి. ఆ తర్వాతే బిగించాలి. సెంటర్ స్టాండ్ వేసి ముందునుంచి కింద కూర్చుని చూస్తే రెండు గొట్టాలూ సమానంగా కనబడాలి. ఒకటి వెనక్కి ఉంటే పని కాలేదన్నమాట.

కుడివైపు పడిందన్నారు కాబట్టి యాక్సిలరేటర్ అన్నింటికన్నా ముందు. హ్యాండిల్ చివరి బరువు లోపలికి జరిగి రబ్బరు గ్రిప్‌ని ఒరుసుకుంటుంది, తిప్పి వదిలితే వెనక్కి రాదు. ఇంజన్ ఆపి, హ్యాండిల్ పూర్తిగా ఎడమకి, మధ్యకి, కుడికి పెట్టి ప్రతిసారీ తిప్పి వదలండి. మూడుసార్లూ టక్కున వెనక్కి రావాలి. తర్వాత ఇంజన్ ఆన్ చేసి, ఊరికే హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి. శబ్దం పెరిగితే కేబుల్ ఎక్కడో ఇరుక్కుంది. ఇది సరికాకుండా రింగ్ రోడ్డు ఎక్కకండి.

ముందు బ్రేక్ లివర్ వంగితే తిన్నగా చేయించకండి, అది అల్యూమినియం. వంచితే మొదట్లో కంటికి కనపడని పగులు వస్తుంది, గట్టిగా నొక్కినరోజున విరుగుతుంది. కొత్తది వేయించండి. వెనక బ్రేక్ పెడల్, గేర్ రాడ్ ఉక్కువి, వాటిని సరిచెయ్యవచ్చు. వంగిన పెడల్ లెగ్ గార్డుకో ఇంజన్ కవరుకో తగిలి బ్రేకు కొంచెం పట్టి ఉంటుంది, కిలోమీటరు వెళ్లాక వెనక చక్రం దగ్గర వేడి తెలుస్తుంది. డిస్కు వంగిందో లేదో చూడాలంటే ముందు చక్రం పైకి లేపి తిప్పుతూ, బాల్‌పెన్ను ఫోర్కుకి ఆనించి మొనని డిస్కు దగ్గరగా పట్టుకోండి. సందు ఒకచోట తగ్గి ఒకచోట పెరిగితే వంగినట్టే. రాత్రి ఇంజన్ కింద అట్టముక్క వెయ్యండి, తెల్లారి ఆయిల్ చుక్క కనిపిస్తే కవరు చిట్లింది. ఇవన్నీ అయ్యాక ఖాళీ వీధిలో 20 వేగంతో నడిపి, బండి ఒక పక్కకి లాగుతోందా చూసుకోండి.

ప్రశ్న: రిపేరుకి 4,600 అవుతుందన్నారు. మూడున్నరేళ్ల బండి, ఏపీ రిజిస్ట్రేషన్, ఫుల్ ఇన్సూరెన్స్, ఇంతవరకు క్లెయిమ్ లేదు. క్లెయిమ్ చేస్తే బోనస్ పోతుందంటున్నారు. ఏది లాభం?
– ఒక పాఠకుడు, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్

జవాబు: లెక్క వేద్దాం. బిల్లులో ప్లాస్టిక్, రబ్బరు సామాను 2,400 అనుకుంటే సగం తరుగు పోగా 1,200 వస్తుంది. ఇనుప సామాను 1,600కి మీ బండి వయసుకి 25 శాతం తరుగు పోగా 1,200. కూలి 600. మొత్తం 3,000లో తప్పనిసరి కోత 100 పోతే 2,900 చేతికి. తరుగు కొయ్యని జీరో డెప్ పాలసీ ఉంటే ఇంకా ఎక్కువే.

బోనస్ అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది పోయేది మీ బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, ఎదుటివాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీ మీద కాదు. ఆ ప్రీమియం 900 అనుకోండి. మూడేళ్లు క్లెయిమ్ లేదు కాబట్టి ఇప్పుడు మీకు 35 శాతం. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడు 45, ఆపైన 50. క్లెయిమ్ చేస్తే సున్నా నుంచి 20, 25, 35, 45 అంటూ మళ్లీ ఎక్కాలి. ఐదేళ్లలో తేడా పన్ను కాకుండా 405, 270, 225, 135, 45, వెరసి 1,080. కాబట్టి మీకు క్లెయిమే లాభం. బిల్లు 1,500 లోపైతే జేబులోంచి కట్టుకోమనే చెప్పేవాళ్లం.

సామాను విప్పించకముందే కంపెనీకి ఫోన్ చెయ్యండి. నష్టం లెక్కగట్టే సర్వేయర్ చూడకముందే మార్పించేస్తే పేచీ అక్కడే మొదలవుతుంది. పాలసీ దేశమంతా చెల్లుతుంది, బెంగళూరు గ్యారేజీలోనే చేయించుకోవచ్చు. ఇంకొక మాట, పాలసీతోపాటు ఉండే 15 లక్షల సొంత ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికే. కట్టు కట్టించుకున్న ఖర్చు దాన్నుంచి రాదు.

ప్రశ్న: టిన్ ఫ్యాక్టరీ దగ్గర నా బండి ఆటోకి తగిలింది. ఆటో అతను బండి తాళం లాక్కుని 5,000 అడిగాడు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలి?
– ఒక విద్యార్థి

జవాబు: పెనుగులాడవద్దు. అతని కళ్ల ముందే 112కి ఫోన్ చెయ్యండి, చాలాసార్లు తాళం అప్పుడే వెనక్కి వస్తుంది. లైసెన్సు చేతికివ్వకండి, డిజిలాకర్‌లో చూపించండి. ఎవరికైనా దెబ్బ తగిలితే మాత్రం బేరం మాట లేదు: ఆసుపత్రికి చేర్చడం, 24 గంటల్లోపు పోలీసులకి చెప్పడం 134 సెక్షను ప్రకారం బండి నడిపినవారి బాధ్యత. బెంగళూరులో ప్రమాదాల కేసులు చూసేది ఆ రోడ్డు పరిధిలోని ట్రాఫిక్ స్టేషను, మామూలు స్టేషను కాదు.

రేకు సొట్టతో పోతే రాజీ పడవచ్చు. ముందు పక్క గ్యారేజీలో ఖరీదు అడిగించండి. తేదీ, సమయం, చోటు, రెండు బండ్ల నంబర్లు, ఇచ్చిన మొత్తం, ఇద్దరి సంతకాలు, ఇంత కాగితం చాలు. డబ్బు యూపీఐలోనే పంపండి. ఒళ్లు నొప్పి మీకే ఉంటే "ఇకపై ఏ క్లెయిమూ చెయ్యను" అనే వాక్యం కింద సంతకం పెట్టకండి. నష్టపరిహారం కేసుకి చట్టం ఇచ్చిన గడువు 6 నెలలు. దాన్ని బెంగళూరులోనే వెయ్యాలని లేదు, మీరు అనంతపురంలో ఉంటుంటే అక్కడి ట్రిబ్యునల్‌లోనూ వెయ్యవచ్చు.

ప్రశ్న: హెల్మెట్ పైన గీతలే పడ్డాయి. మార్చాలా?
– ఒక పాఠకురాలు, బెళ్లందూరు

జవాబు: తల లోపల ఉండగా రోడ్డుకి తగిలితే మార్చాల్సిందే. లోపలి థర్మోకోల్ పొర ఒక్కసారి నలిగితే మళ్లీ ఉబ్బదు, రెండో దెబ్బని ఆపదు. నలిగిన సంగతి పైనుంచి కనపడదు. కొత్తది హెల్మెట్ల ప్రమాణమైన ఐ.ఎస్. 4151 ముద్ర చూసి కొనండి. పాతది ఎవరికీ ఇవ్వకండి. పట్టీ కత్తిరించి, ఇంకొకరు పెట్టుకునే వీల్లేకుండా చేసి పారేయండి.