ఎర్త్ వైరు చూశావా అల్లుడూ

అల్లుడూ,

మారుతి 800 ఇంజన్ నువ్వే దించి, అరిగిన సిలిండర్లు బోరు చేయించి, మళ్లీ నువ్వే ఎక్కించావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. నా షెడ్డులో స్పానర్లు అందిస్తూ పెరిగినోడివి కదా, గుండె నిండిపోయింది. తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంటోందని చెప్పాక మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.

బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టే. ఇంజన్‌ను తిప్పే సెల్ఫ్ మోటార్ వైర్లు గట్టిగా బిగించు. ఆ వెంటనే ఎర్త్ వైరు చూడు.

చిత్తూరులో షెడ్డు పెట్టిన కొత్తల్లో ఒక కూరగాయల వ్యాపారి కారుకు ఇంజన్ ఎక్కించాను. సెల్ఫ్ మూలిగింది గానీ తిరగలేదు. బ్యాటరీ పోయిందన్నాను. పాపం, ఆయన మారు మాట్లాడకుండా కొత్తది కొనుక్కొచ్చాడు. ఆయన కొడుకును సీట్లో కూర్చోబెట్టి, తాళం తిప్పి పట్టుకోమన్నాను. క్లచ్ కేబుల్ తొడుగు బుడగలుగా పొంగి పొగ లేచింది. జానెడు దూరంలో పెట్రోల్ పైపు. బ్యాటరీ టెర్మినల్ పీకేసరికి నా చేతులు వణుకుతున్నాయి. గేర్‌బాక్సు నుంచి బాడీకి పోయే ఎర్త్ వైరు బిగించడమే మరిచాను. అది లేకపోతే సెల్ఫ్ లాగే కరెంటు దొరికిన దారిన పోతుంది. ఆ రోజు దానికి సన్నటి క్లచ్ కేబుల్ దొరికింది. బ్యాటరీ డబ్బులు తిరిగిచ్చేశాను. బిత్తరపోయిన ఆ పిల్లాడి మొహం మాత్రం ఇంకా నా కళ్లలోనే ఉంది. వాడికి అప్పుడు నీ వయసే.

నువ్వు గేర్‌బాక్సుకూ రంగు వేశావట. రంగు మీద ఎర్త్ బోల్టు బిగిస్తే బిగించనట్టే. లోహం మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్దు.

సెల్ఫ్ జోరుగా తిరిగినా ఇంజన్ అందుకోకపోతే, అప్పుడు స్పార్కు చూడు. సిలిండర్లలో స్పార్కు పడే ఫైరింగ్ వరస 1-3-2. ఒకటో పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చినప్పుడు ప్లగ్గులకు కరెంటు పంచే రోటర్ ఒకటో ప్లగ్గు వైరుకు ఎదురుగా ఉండాలి. తిరగబడి ఉంటే కార్బురేటర్ మూతిలోంచి మంట తన్నొచ్చు. ఆ మూతిలో పెట్రోల్ పోసి స్టార్ట్ చేద్దామనుకున్నావో, నేనే వచ్చి చెవి మెలేస్తాను. మీ అమ్మకు నువ్వొక్కడివేరా.

ఆమెను కాణిపాకం తీసుకెళ్తానన్నావట. ముందు కరకంబాడి రోడ్డులో నాలుగు రోజులు తిప్పి చూసుకో.

రేపు పొద్దున తిరుపతి బస్సులో నా జంపర్ కేబుల్ పంపిస్తున్నా. ఎర్రది పక్కన పెట్టి, నల్లది ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండోది రంగు లేని చోట ఇంజన్‌కు తగిలించు. సెల్ఫ్ గిర్రున తిరిగితే తప్పు ఎర్త్‌దే. ఆ కేబుల్ నీ చేతికి అందేదాకా తాళం ముట్టుకోకు.

మీ మామ