అన్నవాహికను కాపాడేది ఏమిటి?

ప్రశ్న: జీర్ణాశయం లోపల జిగురుపొర ఉంటుంది కాబట్టి అందులోని ఆమ్లం దానిని ఏమీ చేయదని చదివాను. మరి దాని పైనే ఉన్న అన్నవాహిక ఎందుకు కాలిపోదు? పగలు లేని గుండెమంట నాకు రాత్రి పడుకున్నాకే ఎందుకు వస్తోంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఖాళీ కడుపులోని ద్రవం పీహెచ్ విలువ సుమారు 2 ఉంటుంది. అంటే అది ఇంచుమించు నిమ్మరసమంత పులుపు. అన్నవాహికకు జీర్ణాశయానికి ఉన్నంత పూత లేదన్న మీ ఊహ నిజమే. దాని లోపలి పొర చర్మంలాగే అనేక వరుసల కణాలతో ఏర్పడినందువల్ల ఆమ్లాన్ని కొంతసేపు ఓర్చుకోగలదు, కానీ అందులో గంటల తరబడి నానలేదు. అందుకే ఇక్కడ శరీరం గోడ మీద కాక, ఆమ్లాన్ని పైకి రానివ్వకపోవడం మీద, వచ్చినదాన్ని త్వరగా కడిగేయడం మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

అన్నవాహిక చివర 3 నుంచి 4 సెంటీమీటర్ల మేర ఒక వలయకండరం బిగిసి ఉండి, మనం మింగినప్పుడు వదులవుతుంది. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరం దానిని బయటినుంచి పట్టీలా చుట్టి ఉన్నందువల్ల, దగ్గినప్పుడో బరువెత్తినప్పుడో పొట్టలో ఒత్తిడి పెరిగితే ఆ పట్టు కూడా బిగుస్తుంది. అయితే తేన్పు బయటికి రావాలి కాబట్టి ఈ ద్వారం భోజనం తర్వాత మింగకుండానే అప్పుడప్పుడు కొన్ని సెకన్లపాటు తెరుచుకుంటుంది, ఆ సందులో కాస్త పులుపు కూడా పైకి వస్తుంది. ఆరోగ్యవంతులలోనూ ఇది రోజూ జరిగేదే.

అలా వచ్చిన ఆమ్లం ఏమవుతుందన్నది ఇంకా ఆసక్తికరమైన విషయం. 1984లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశోధనలో, ఆరోగ్యవంతుల అన్నవాహికలోకి 15 మిల్లీలీటర్ల ఆమ్లాన్ని పంపి చూశారు. ఒకటి రెండు కండర తరంగాలకే దాదాపు ద్రవమంతా కిందికి దిగిపోయింది, కానీ గోడకు అంటుకున్న కొద్దిపాటి తడి వల్ల లోపలి పులుపు మాత్రం అలాగే ఉండిపోయింది. లాలాజలం మింగినకొద్దీ ఆ పులుపు మెట్టుమెట్టుగా విరిగింది. నోట్లోని లాలాజలాన్ని ఎప్పటికప్పుడు పీల్చి తీసేస్తే అది విరగలేదు. లాలాజలంలోని బైకార్బొనేట్ చేసే పని ఇది. అన్నం నానడానికే ఊరుతుందని మనం అనుకునే లాలాజలం రోజంతా మనకు తెలియకుండా అన్నవాహికను కడుగుతూనే ఉంటుందన్నమాట.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు, మింగడం బాగా తగ్గిపోతుంది, పడుకున్నందువల్ల ద్రవం తనంత తాను కిందికి జారదు. పగలు నిమిషాల్లో విరిగిపోయే పులుపు రాత్రి చాలాసేపు నిలుస్తుంది. అందువల్ల భోజనానికీ పడకకూ మధ్య కనీసం 2, 3 గంటలు ఉంచండి. తలవైపు మంచం కోళ్ల కింద సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి. తలగడల మీద తలగడలు వేస్తే నడుము దగ్గర వంగి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది తప్ప లాభం లేదు. ఎడమవైపు తిరిగి పడుకుంటే జీర్ణాశయం అన్నవాహిక ద్వారం కన్నా కిందికి ఉంటుంది.

మింగడం కష్టమైనా, బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వచ్చినా ఈ చిట్కాలతో సరిపెట్టుకోకుండా వైద్యులను కలవండి. మంట చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి, ఎందుకంటే అది గుండెనొప్పి కావచ్చు.